కంపలమ్మ తుమ్మింది

ఏప్రిల్ 6, ఆదివారం, 1986

ఏమే బుడంకాయ్,

నీ సైన్సు నోటుపుస్తకంలో రాస్తున్నాను, తిట్టుకోకు. ముందు పదిహేను పేజీలు నీవి, మందారపువ్వు బొమ్మ దాకా. వాటి జోలికి పోలేదు. మిగిలినవన్నీ తెల్లగా ఉన్నాయి. ఏ వస్తువైనా వాడకుండా పడి ఉంటే నాకు ఒళ్ళు మండుతుందని నీకు తెలుసు కదా. ఐదో తరగతి దాకా చదివినదాన్ని. అక్షరాలు నీళ్ళకు పోయే గేదెల్లాగా ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. నువ్వే సర్దుకొని చదువుకో. ఇది నీకు తప్ప ఎవరికీ కాదు. రాయటం అయ్యాక కందిపప్పు డబ్బాలో పప్పు కింద పెడతాను. మీ నాన్న పొయ్యి దగ్గరికి రాడు. పప్పు డబ్బా ఏదో ఉప్పు డబ్బా ఏదో ఆయనకు తెలియదు.

సంగతేమిటంటే, మన బీడు కొట్టించేస్తున్నాడు. ఇవాళ అన్నం ముందు కూర్చుని, నాతో కాదు, గోడతో చెప్పాడు.

"బుధవారం నాగూర్ వలి వస్తన్నాడు. బీడంతా కొట్టిచ్చేస్తన్నా. ఒక్క కంప మిగలటానికి లేదు."

నాగూర్ వలి అంటే బొగ్గుల బట్టీ పెట్టే ఆయన. కొట్టిన కర్రంతా ఆయనకు, శుభ్రమైన నేల మనకు. అదీ ఒప్పందం. రెండెకరాలు, పదేళ్ళుగా ఎవరూ కత్తి పెట్టని ముళ్ళ చిల్లకంప. ఈ ఏడు కాలవ నీళ్ళు అటు వస్తాయట, మిరప వేస్తాడట.

అని సగం అన్నం కంచంలోనే వదిలి లేచాడు. ఐదు నెలలుగా రెండు పూటలా ఇదే. మిగిలింది కుక్కకు. కుక్క బలిసింది, మీ నాన్నకు చొక్కాలు వేలాడుతున్నాయి.

ఆ కంప మీద ఆయన కోపం ఎందుకో నాకు తెలుసు. కార్తీకంలో నువ్వు బడి ఎగ్గొట్టి కంపలో కూర్చున్నావని ఎవరో చెప్పారు. అన్నం ముందు కూర్చున్నదానివి. "కంపలో తిరిగే నక్కకి అన్నమెందుకు" అన్నాడు. రెండు ముద్దలు తిన్న చేయి కడుక్కొని వెళ్ళిపోయావు. సాయంత్రానికి జ్వరంతో వచ్చావు. ఆ తర్వాత మెతుకు ముట్టలేదు. మూడో రోజుకు నువ్వు లేవు.

ఒక మాట అన్నందుకు జ్వరం రాదు. నాకు తెలుసు. నేనేమీ అనలేదు. అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనలేదు.

నువ్వు చివరిసారి ఒడినిండా కోసుకొచ్చిన బుడంకాయలు ఒరుగులు చేశాను కదా, అవి చిన్న కుండలో అట్లాగే ఉన్నాయి. అటక మీద పెట్టి మూతికి గుడ్డ కట్టాను. ఊరికే చెబుతున్నాను.


ఏప్రిల్ 7

నీ గూడు సంగతి నాకు తెలుసే, దొంగముఖందానా.

పుష్యమాసంలో మన మేక తప్పిపోతే వెతుకుతూ వెళ్ళాను. మూల మీద పెద్ద పుట్ట, దాని వెనక రెండు బలుసు పొదలు, వాటి మీద చిల్లకంప కప్పులాగా అల్లుకొని ఉంది. అడుగున ఒక సందు. నువ్వు ఉడతలాగా దూరేదానివి కాబోలు. నేను దూరితే గేదె కిటికీలో దూరినట్టు ఉంటుంది. మూడు రవికలు చిరిగాయి ఇప్పటికి.

లోపల గోనెపట్టా, అద్దం ముక్క, డబ్బానిండా చింతపిక్కలు. నా చిన్న ఆవకాయ జాడీ. ఆ జాడీ పోయిందని ఎంత గోల చేశానే. కుక్కను కూడా కొట్టాను. నువ్వు నా పక్కనే నిలబడి, "ఎవురు తీసుంటారమ్మా" అన్నావు, పెద్ద ఆరిందాలాగా.

రోజూ మధ్యాహ్నం పుల్లలకు పోతున్నానని చెప్పి అక్కడికి పోయి కూర్చుంటాను. వచ్చేటప్పుడు రెండు పుల్లలు తెస్తాను. మీ నాన్న ఆ రెండు పుల్లల వంక చూస్తాడు, నా వంక చూస్తాడు, ఏమీ అడగడు.

ఈ మధ్య లోపల బీడీ ముక్కలు కనపడుతున్నాయి. మేకలోళ్ళు దూరుతున్నారు. పట్టుకున్నానంటే చెప్పుతో కొడతాను.


ఏప్రిల్ 9, బుధవారం

పెన్సిలు ముక్క కనపడటం లేదు. పెన్నుతో రాస్తున్నాను.

నాగూర్ వలి వచ్చాడు, తూర్పు మూలన మొదలుపెట్టాడు. కోత ఎట్లా ఉంటుందో నువ్వయితే కదలకుండా చూసేదానివి. ఆయన వంగి మొదట్లో రెండు దెబ్బలు వేస్తాడు. ఆయనతో కూలికి వచ్చిన హన్నమ్మ పంగల కర్రతో ఆ కంపను ఎత్తి పట్టుకుంటుంది, ముల్లు ఆయన మొహం మీదికి రాకుండా. మూడో దెబ్బకు పడుతుంది. హన్నమ్మ దాన్ని కర్రతోనే ఈడ్చుకుపోయి కుప్ప మీద వేస్తుంది. ఆదివారం చర్చిలో పాడే పాటలన్నీ కంప మీద ఎక్కించి పాడుతుంది. తర్వాత మోడు చుట్టూ తవ్వి వేరుతో సహా లాగుతారు. వేరు ఉంచితే మళ్ళీ వస్తుంది. ఏదీ మళ్ళీ రాకూడదట. మీ నాన్న గట్టు మీద నిలబడి చెబుతున్నాడు.

ఆ లెక్కన నీ గూటి దగ్గరికి రావటానికి రెండు వారాలు.

మజ్జిగ తీసుకుపోయి, మాటల్లో పెట్టి అడిగాను. "వలీ, నువ్వు ఏదైనా కొట్టకుండా వదిలేస్తావా ఎప్పుడన్నా?"

"పసుపు కనపడితే కత్తెత్తనక్కా. దర్గా జెండా కనపడినా అంతే. మా బాబాయి రొంపిచర్ల కాడ పసుపు రాసిన యాపచెట్టు మీద గొడ్డలేశాడు. ఏడాది పాటు కుడిచేత్తో అన్నం తినలా."

"నిజంగానా?"

"చెయ్యి ఇరిగింది గదా, చెట్టు మీద పడి" అన్నాడు.

ఏమైతేనేం. పసుపు కనపడితే కత్తెత్తడు.


ఏప్రిల్ 11, శుక్రవారం

చేశాను.

తలంటు పోసుకొని, చెంబుతో నీళ్ళు, పొట్లంలో పసుపు పట్టుకొని పుట్ట దగ్గరికి పోయాను. పుట్టకు మూడు వైపులా పసుపు పూశాను. తీరా చూస్తే కుంకుమ భరిణె ఇంట్లోనే మర్చిపోయాను. కొంగున ఉల్లిపాయకు అద్దుకోవటానికి కట్టుకున్న కారం ఉంది. మన కారం కుంకుమ కంటే ఎర్రగా ఉంటుంది కదా. దాన్నే తడిపి బొట్లు పెట్టాను, తొమ్మిది. మిగిలింది ఆకులో పోసి అక్కడే ఉంచాను, చూడటానికి నిండుగా ఉంటుందని. దూరం నుంచి చూస్తే భయం వేసింది. నాకే దణ్ణం పెట్టబుద్ధి అయింది.

తప్పేనంటావా? ఆ తల్లికి కూడా పిల్లలుంటారు. ఏమీ అనుకోదు.

ఎర్రగుడ్డ ఒకటి కట్టి ఉంటే ఇంకా బాగుండేది. నా దగ్గర ఉన్నవన్నీ వెలిసిపోయినవే.


ఏప్రిల్ 12

ఎర్రగుడ్డ ఉంది. నేను కట్టలేదు.


ఏప్రిల్ 14, సోమవారం

నిన్నంతా ఒళ్ళు జలదరిస్తూనే ఉంది. నేను అబద్ధంగా పిలిస్తే తల్లి నిజంగా వచ్చిందా?

ఇవాళ నాగూర్ వలి చూశాడు. కత్తి కింద పెట్టి మీ నాన్నను పిలుచుకొచ్చాడు. నేను హన్నమ్మ వెనక నిలబడి చూస్తున్నాను. నా గుండె రోట్లో పచ్చడిలాగా ఉంది. మీ నాన్న సంగతి నీకు తెలుసు కదా. మా పెళ్ళిలో దేవుడి గదికి దణ్ణం పెట్టనన్న మనిషి. ఇరవై ఏళ్ళు పార్టీ మీటింగుల్లో తిరిగినవాడు. పుట్టను తన్నేస్తాడని కళ్ళు మూసుకున్నాను.

"ఏంది బాబాయ్ ఇది" అన్నాడు వలి. "మొన్న లేదే."

మీ నాన్న పుట్ట చుట్టూ ఒకసారి తిరిగాడు. గడ్డం గీరుకున్నాడు. "జనానికి నమ్మకాలుంటయ్‌రా. మనమెందుకు కాదనాల. ఈ మూల ఆఖర్న చూద్దాంలే" అన్నాడు.

అని వెళ్ళిపోయాడు. పెద్దవాడవుతున్నాడు, దేవుడి భయం పట్టుకున్నట్టుంది.

హన్నమ్మ గుడ్డ అంచు పట్టుకొని చూసింది. అంచున పసుపురంగులో వంకర మొన ఒకటి ఉంది, కొడవలి కొన లాగా.

"వదినా, మీ అమ్మోరు పార్టీలో చేరిందా ఏంది?"

"నోరు మూసుకోవే."

"నేను మూసుకుంటా. నువ్వు రవిక కుట్టుకో. ఈపునంతా ముళ్ళే. పుల్లలేరేదాని ఈపున ముళ్ళెట్టా గుచ్చుకుంటయ్యో నేనడగలేదులే" అంది.

ఊళ్ళో ఎర్రజెండాలు తక్కువా? ఎవరిదో గాలికి కొట్టుకొచ్చి ఉంటుంది. ముడి ఎట్లా పడిందంటే, గాలి అన్నాక ఏదైనా చేస్తుంది.


ఏప్రిల్ 15

సీతారావమ్మత్తకు తెలిసిపోయింది. ఇంకేముంది.

చాకిరీ అంతా కోడలి మీద వదిలేసి ఊరి సంగతులన్నీ తన మీద వేసుకొనే మనిషి కదా. పొద్దున్నే పదిమందిని వెంటేసుకొని బీట్లోకి వచ్చింది. పుట్టను చూసి చేతులు జోడించింది. తర్వాత వంగి, ఆకులో ఉన్న కారం వేలితో తీసుకొని నుదుటన ఇంత పెట్టుకుంది. నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే కళ్ళకద్దుకుంది.

"అత్తా" అన్నాను.

"ఉండవే" అంది. అంతలో మొహం ఎర్రబడింది. కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి. "మంట. ఒరేయ్ నాయనో, మంట. తల్లి ఉగ్రంగా ఉందే. చూశారా, ముట్టుకుంటే కాలిపోతన్నా."

మిగతా ఆడవాళ్ళు నాలుగడుగులు వెనక్కు వేశారు. ఒకామె పూనకం తెచ్చుకోబోయి, సీతారావమ్మత్త కళ్ళు చూసి మానుకుంది. హన్నమ్మ కంపకుప్ప వెనక్కు పోయి కూర్చుంది. ఆ కుప్ప చాలాసేపు ఊగింది.

"పేరేందో తల్లిది" అని ఎవరో అడిగారు.

సీతారావమ్మత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే పెట్టేసింది పేరు. "కంపలో ఎలిసింది. కంపలమ్మ."

నువ్వు ఉండి ఉంటే ఈ రాత్రి మనిద్దరికీ నవ్వలేక కడుపు నొప్పి వచ్చేది. నేను ఒక్కదాన్నే నవ్వాను. గోడవైపు తిరిగి నవ్వాను. మీ నాన్న మంచం కూడా కిర్రుమంది. దగ్గు వచ్చినట్టుంది ఆయనకు.


ఏప్రిల్ 18

మూడు రోజులుగా నీ గూటికి పోలేకపోతున్నాను. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు. గట్టెక్కి చూస్తాను, పొంగలి పొగ కనపడుతుంది, వెనక్కి వస్తాను. నిన్ను దాచుకోవటానికి దేవతను పెడితే, ఆ దేవతే గుమ్మానికి అడ్డం కూర్చుంది.

పుట్ట దగ్గర గంట ఒకటి ఉంటే బాగుండు. ఎవరన్నా వచ్చి మోగిస్తే లోపల నాకు తెలుస్తుంది, కదలకుండా ఉంటాను.

నేనేమీ అనలేదని చెప్పాను కదా. ఇవాళ కూడా సగం అన్నం వదిలి లేచాడు. నేనేమీ అనలేదు.


ఏప్రిల్ 19

గంట ఉంది. చిల్లకొమ్మకు తాడుతో కట్టి ఉంది. మన ఎర్రెద్దు మెడ గంట లాగే ఉంది, అదే సొట్ట. దేవతలకు ఎక్కడెక్కడివో దొరుకుతాయి.


ఏప్రిల్ 20, ఆదివారం

ఇది మాత్రం నువ్వు వినాలే.

మిట్టమధ్యాహ్నం, ఎండ దంచేస్తోంది, ఎవరూ రారనుకొని దూరాను. గోనెపట్టా మీద కూర్చుని నీ చింతపిక్కలు పేరుస్తున్నాను. గంట మోగింది. అడుగు కదిలితే ఆకు గలగలమంటుంది. ఊపిరి బిగబట్టాను.

సీతారావమ్మత్త. వెనక ఇంకో నలుగురు. పసుపు, ఊదొత్తులు తెచ్చారు. నేను పెట్టిన కారం చాలలేదని ఎవరో ఇంటి నుంచి కారం తెచ్చి పుట్ట మీద చల్లారు. కంపలమ్మకు కారమే ఇష్టమని ఊరంతా పాకిందట. గాలి నా వైపే ఉంది.

"తల్లీ కంపలమ్మా" అంది సీతారావమ్మత్త. "నా కోడలు పుట్టింటికి పోతానని పోరు పెడతంది. సంక్రాంతి నుంచి ఇదే పాట. పంపకపోతే తప్పేం లేదు గదా తల్లీ?"

నేను ముక్కు నొక్కుకున్నాను. నోరు నొక్కుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకున్నాను. కారం ఆగుతుందా.

తుమ్మాను. మామూలు తుమ్ము కాదు, మీ తాత తుమ్మేవాడు చూడు, ఎడ్లు బెదిరేట్టు, ఆ తుమ్ము.

బయట ఎవరి చేతిలోదో చెంబు కింద పడింది.

"ఒంటి తుమ్మే" అంది ఎవరో మెల్లగా. "తల్లికి ఇష్టం లేదు అత్తా."

"నాకు ఇనపడింది" అంది సీతారావమ్మత్త. "పంపిస్తా తల్లీ. రేపే పంపిస్తా. బస్సెక్కిచ్చి మరీ వస్తా."

ఐదుగురూ పరుగు. గంట దానంతట అదే ఊగుతూ ఉంది. ఎంతసేపు అట్లా ఉన్నానో, బయటి నుంచి హన్నమ్మ గొంతు వినపడింది.

"ఇంక రా వదినా. మీ అమ్మోరికి జలుబు చేసినట్టుంది, మిరియాల కషాయం పెట్టుకోమను."

పాక్కుంటూ బయటికి వచ్చాను. హన్నమ్మ నా తలలో ముళ్ళు ఒక్కొక్కటే తీసింది. నవ్వుతూ తీసింది, తీస్తూ తీస్తూ ఆగింది. "లోపల పాపవి ఏమన్నా ఉన్నయ్యా వదినా" అని అడిగింది.

"చింతపిక్కలు" అన్నాను.

పుట్ట ముందు నా కాళ్ళ జాడలు ఆమే పంగల కర్రతో చెరిపేసింది.


ఏప్రిల్ 22

కొంప మునిగింది.

కోడలు బస్సెక్కాక సీతారావమ్మత్తకు భక్తి ముదిరింది. వచ్చే శుక్రవారం గద్దె కట్టిస్తుందట. నా దగ్గరికి వచ్చి మరీ చెప్పింది.

"ఏమే రాఘవా, తల్లి ఆ ముళ్ళల్లో ఎట్టా ఉంటది చెప్పు. పుట్ట ఎనకమాల కంపంతా కొట్టించి చదును చేపిద్దాం. నలుగురూ చుట్టూ తిరగటానికి చోటుండాల గదా. వలిని నేను ఒప్పిస్తా. తల్లే అడిగిందని చెప్తా. మీ బీట్లో ఎలిసింది, నువ్వు పెట్టి పుట్టావే."

పుట్ట వెనకమాల అంటే నీ గూడు. మీ నాన్న అయితే ఆఖరున చూద్దామన్నాడు. కంపలమ్మ మూడు రోజుల్లో కొట్టిస్తోంది. నేను చేసుకున్న దేవత.

మూడు రోజులు.


ఏప్రిల్ 23

ఈ పుస్తకం నిన్న నేను పెట్టినట్టు లేదు. అట్ట పైకి ఉండేట్టు పెడతాను, ఇవాళ కిందికి ఉంది. కందిపప్పులో బీడీ బూడిద ఉంది.

ఎర్రగుడ్డ ఉంటే బాగుండేదని రాశాను. వచ్చింది. గంట ఉంటే బాగుండని రాశాను. వచ్చింది.

సరే చూద్దాం. ఇదిగో రాస్తున్నాను. నిన్న రాత్రి కంపలమ్మ తల్లి నాకు కలలో కనపడింది. ఎండకు దాహంగా ఉందట. పుచ్చకాయ కావాలంది. చిన్నది కాదు, పెద్దది. రేపు పొద్దున్నే కావాలంది.


ఏప్రిల్ 24, గురువారం

పుట్ట ముందు పుచ్చకాయ ఉంది. కుండంత ఉంది.

నాగూర్ వలి మీ నాన్న సంగతి చెప్పాడు, "కోటయ్య బాబాయి గురజాల బస్సు దిగి పుచ్చకాయ నెత్తినెట్టుకొని అడ్డదారిన పోతన్నాడక్కా. పలకరిస్తే ఇననట్టు పోయాడు."

నేను గట్టు మీద కూలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. పుచ్చకాయ సంగతి చదివినవాడు మిగతావి కూడా చదివి ఉంటాడు కదా. నేనేమీ అనలేదు, నేనేమీ అనలేదు అని నేను రాసినవన్నీ. నక్క మాట కూడా. అంతా చదివి, తిరిగి ఒక్క మాట అనకుండా, ఎద్దు గంట విప్పి తెచ్చి కట్టాడు.

మధ్యాహ్నం గూటికి పోయాను. సగం దూరాక అటు వైపు రెండు పాదాలు కనపడ్డాయి.

"మేకలోడివి నువ్వేనా" అన్నాను.

"చెప్పుతో కొడతానన్నావుగా. తెచ్చావా?" అన్నాడు మీ నాన్న.

మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చుని ఉన్నాడు, పక్కన పుచ్చకాయ. నేను కూడా దూరి కూర్చున్నాను. ఇద్దరికీ చోటు చాలలేదు. నీ అద్దం ముక్క నా తొడ కింద, చింతపిక్కల డబ్బా ఆయన ఒళ్ళో.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"ఏది, గూడా, పుస్తకమా?"

"రెండూ."

"గూడు, పిల్ల పోయిన నాలుగో రోజు నుంచి. ఎక్కడ తిరిగేదో చూద్దామని వచ్చా. పుస్తకం, ఎనిమిదో తారీకు నుంచి. పప్పులో పెన్సిలు ముక్క పంటి కింద పడింది. పప్పు డబ్బాలో ఏముందా అని చూశా."

"చెప్పొచ్చు కదా."

"నువ్వు చెప్పావా?"

పైన పిట్ట ఏదో అరుస్తోంది.

"మరి కొట్టించటం ఎందుకయ్యా?"

"కోపంలో నేనే కొట్టమన్నా. తర్వాత వద్దని చెప్పటానికి మొహం చెల్లలా. నువ్వు పసుపు పూసినావని చదివినాక ఊపిరొచ్చింది." ఆగి, చింతపిక్కల డబ్బా కదిలించాడు. "ఆ మాట నేనన్నాను గదా."

కాదనొచ్చు. ఐదు నెలలుగా కాదంటున్నట్టే ఊరుకున్నాను.

"అన్నావు" అన్నాను.

తల ఊపాడు. ఎవరో ఒకరు ఆ మాట అనాలని ఎదురు చూస్తున్నట్టే ఊపాడు.

"జొరం మాటకు రాదు" అన్నాను.

"తెలుసు."

"మరి తెలిస్తే?"

"తెలుసు గానీ, అన్నాగా."

పుచ్చకాయ రాయి మీద పగలగొట్టాడు. నాకు పెద్ద ముక్క ఇచ్చాడు. తను ఒక ముక్క తిని, రెండోది సగం కొరికి పక్కన పెట్టాడు. చూశాను. అక్కడ కుక్క కూడా లేదు.

తర్వాత చెయ్యి తుడుచుకొని అన్నాడు, "దారి పక్క ఇంకో పుట్టుంది."

"అయితే?"

"ఇరవయ్యేళ్ళు పార్టీలో ఉన్నా. పోలీసులొస్తన్నారంటే రాత్రికి రాత్రి మీటింగు చోటు మార్చిన వాణ్ణి. ఒక అమ్మోరిని మార్చలేనా?"

ఎన్నాళ్ళయిందో ఆ మొహం చూసి. నీకు ఆ దొంగనవ్వు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో మర్చిపోయాను.


ఏప్రిల్ 25, శుక్రవారం

కోడి కూయకముందే పోయాం. నేను పసుపు, ఈసారి నిజం కుంకుమ. ఆయన గుడ్డ, గంట. పాత పుట్టను నీళ్ళు పోసి కడిగేశాం. కొత్త పుట్టకు అలంకారం చేస్తుంటే గుడ్డ అంచు లోపలికి మడవమన్నాను, కొడవలి మొన కనపడకుండా.

"ఉండనీ" అన్నాడు. "పనిముట్టేగా."

తెల్లవారాక సీతారావమ్మత్త మేస్త్రీని వెంటేసుకొని వచ్చింది. పాత పుట్ట ముందు నిలబడి నోరు తెరిచింది. అంతలో దారి వైపు గంట మోగింది. గాలికే మోగింది, ఒట్టు. అందరూ అటు పరుగెత్తారు.

"చూశావుటే రాఘవా" అంది, కళ్ళనీళ్ళతో, ఈసారి కారం లేకుండానే. "నా మోకాళ్ళ నొప్పులు తల్లికి తెలిసినయ్. ఈ ముళ్ళల్లోకి అంత దూరం నడవలేనని తనే దారి పక్కకొచ్చింది."

హన్నమ్మ పంగల కర్ర మీద గడ్డం ఆనించి మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసింది. "మా దేవుడు ఒక్కచోట కదలకుండా కూర్చుంటాడు. మీ అమ్మోరే నయం, చెప్పిన మాట ఇంటది" అంది.

అంతా సద్దుమణిగాక నాగూర్ వలి నీ మూలకు వచ్చాడు. బీడంతా అయిపోయింది, ఈ ఒక్క మూలే మిగిలింది. కత్తి నూరుకుంటూ అడిగాడు. "ఇప్పుడు ఇక్కడ పసుపు లేదుగా బాబాయ్. కొట్టనా?"

ఇది నేను ఆలోచించలేదు. తల్లిని పంపించేశాం, కాపలా కూడా పోయింది. మీ నాన్న వైపు చూశాను. ఆయన చెప్పటానికి ఏ దేవతా మిగల్లేదు.

"వద్దు" అన్నాడు. "అది మా పిల్ల చోటు. బడెగ్గొట్టి ఇక్కడ కూర్చునేది. ఉండనీ."

కార్తీకం నుంచి నీ మాట బయటి మనిషి ముందు ఎత్తటం అదే మొదలు.

నాగూర్ వలి కత్తి కింద పెట్టాడు. తర్వాత కత్తి మళ్ళీ తీసి, సందు దగ్గర వంగి, అడ్డం వచ్చిన నాలుగు కొమ్మలు మాత్రం నరికాడు. నా వైపు ఒకసారి చూసి ఇంకో రెండు నరికాడు.

"ఇప్పుడు పడతావక్కా" అన్నాడు.


ఏప్రిల్ 26

బుడంకాయ్, ఇవాళ నీకు రాయటానికి ఏమీ లేదు. మధ్యాహ్నం మీ నాన్న నేను వంగి నడుచుకుంటూనే పోయి కూర్చున్నాం. ఆయన చింతపిక్కలాటలో దొంగాట ఆడతాడు. నీకు కూడా ఆయనే నేర్పి ఉంటాడు.


ఏప్రిల్ 27, ఆదివారం

ఇవాళ్టిది నీకు కాదే బుడంకాయ్. పప్పు డబ్బాలో చెయ్యి పెట్టే పెద్దమనిషికి.

ఏమయ్యా, నేనేమీ అనలేదని చాలాసార్లు రాశాను. నోటితో అనలేదు, నిజమే. కానీ రోజూ నీ ముందు కంచం పెట్టేటప్పుడు ఆ మాట కూడా అన్నంతోపాటు వడ్డించాను. వడ్డించి, నువ్వు ఎంత తింటావో చూస్తూ నిలబడ్డాను. నువ్వు సగంలో లేస్తే నాలో ఎక్కడో సరిపోయిందనిపించేది. అది రాయలేదు. ఇప్పుడు రాశాను. ఇంక వడ్డించను.

హన్నమ్మతో కలిసి మిరప విత్తనాలు చూడటానికి ముప్పాళ్ళ పోతున్నాను, సాయంత్రం బస్సుకు వస్తాను. అటక మీద కుండ దించాను. పిల్ల కోసిన బుడంకాయలే, ఒరుగులు వేయించాను. సగం నీకు, సగం నాకు. నాది పక్కన పెట్టుకున్నాను, దాని జోలికి రాకు. పప్పు పొయ్యి మీద ఉంది, పెన్సిలు ఏరాను. కుక్కను కట్టేశాను.

నేను చూడటానికి ఉండను. కూర్చుని, కడుపు నిండా అన్నం తిను.